ఆర్మ్ సపోర్ట్ పెట్టినా చెయ్యి నోటిదాకా రావట్లేదా? ముందు కూర్చున్న తీరు చూడండి

మా తమ్ముడికి డీఎండీ, అంటే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు క్రమంగా నీరసించిపోయే జబ్బు. వీల్‌చెయిర్‌లోనే ఉంటాడు, భుజాలు లేవవు, వేళ్లు మాత్రం ఇంకా బాగానే ఆడతాయి. ఈ జబ్బులో భుజం దగ్గరి కండరాలు ముందు నీరసిస్తాయి, వేళ్లు చాలాకాలం నిలుస్తాయి. అందుకే చెయ్యి బరువును ఇంకేదైనా మోస్తే చాలు, వాడు తనంతట తాను తింటాడు, ఫోన్ నొక్కుకుంటాడు, ముక్కు మీద దురద పెడితే ఎవర్నీ పిలవకుండా గోక్కుంటాడు. ఆ మోసే పనే ఆర్మ్ సపోర్ట్‌ది.

మాది కుర్చీకి బిగించే పాత రకం. ముంజేయి పెట్టుకోవడానికి ఒక దోనె, దాని కింద బాల్ బేరింగుల మీద తిరిగే రెండు కడ్డీలు, అంతే. పోలియో రోజుల నుంచీ ఉన్న పద్ధతి. ఇంకో రకంలో స్ప్రింగులో రబ్బరు బ్యాండ్లో చేతిని పైకి పట్టి ఉంచుతాయి. అమెరికాలో డెలావేర్‌లోని పిల్లల ఆస్పత్రిలో తయారైన రెక్స్, నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆర్మన్ ఆ కోవవి. ఏ రకమైనా కింద చెప్పేవి చాలావరకు వర్తిస్తాయి.

మొదటి నెలంతా మేం రోజూ స్క్రూలు తిప్పాం. ఒకరోజు బాగా పనిచేసేది, మర్నాడు మొండికేసేది, ఇక అటక మీద పెట్టేద్దాం అని నాన్న అనేశారు కూడా. పరికరం తప్పనుకున్న వాటిలో సగానికి పైగా కూర్చోవడంలో తప్పులేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు ఆ నెల పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

నిన్న బాగానే ఉంది, ఇవాళ చెయ్యి కదలట్లేదు

స్క్రూ జోలికి వెళ్లకండి. నడుము చూడండి. పొద్దున కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు బాగానే ఉంటారు, గంట గడిచేసరికి ముందుకు జారతారు, లేదా ఒక పక్కకు ఒరుగుతారు. నడుము రెండంగుళాలు జారితే భుజం కూడా దిగుతుంది, దోనె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇక చెయ్యి అందులో సరిగా ఎలా కూర్చుంటుంది? నడుమును కుర్చీ వెనక్కి పూర్తిగా ఆనించి, రెండు తుంట్లూ సమంగా ఉన్నాయో లేదో చూసి, బెల్టు పెట్టి, అప్పుడు చెయ్యి దోనెలో పెట్టండి. వెన్ను వంకర ఉన్నవాళ్లకు ఒరిగే పక్కన దిండు కావాలి. మేం పాత బెడ్‌షీట్ గట్టిగా చుట్టి నడుము పక్కన దూర్చాం, కొన్నాళ్లు దాంతోనే నడిచింది, తర్వాత కుర్చీకే సైడ్ సపోర్ట్ పెట్టించాం. సీటు కుషన్ మార్చినా, మందం తేడా వచ్చినా ఇదే గొడవ మొదలవుతుంది, గుర్తుంచుకోండి.

చెయ్యి దానంతట అదే పక్కకో వెనక్కో పోతోంది

మడత బందులు నిలువుగా లేని తలుపు తెరిచి వదిలితే దానంతట అదే మూసుకుపోతుంది కదా, ఇదీ అంతే. కడ్డీలు తిరిగే ఇరుసు నిటారుగా ఉంటేనే చెయ్యి ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. ఇరుసు ఎటు వంగితే చెయ్యి అటు జారుతుంది. మాది కుర్చీ వీపు గొట్టానికి బిగించింది కాబట్టి వీపు కొంచెం వెనక్కి వాల్చగానే చెయ్యి కూడా వెనక్కి వెళ్లిపోయేది. తినేటప్పుడు వీపు ఎప్పుడూ ఒకే కోణంలో ఉంచండి. ఆ తర్వాత కూడా జారుతుంటే బ్రాకెట్‌ను కొంచెం, నిజంగా కొంచెమే, ఎదురు దిక్కుకు వంచి బిగించండి. నేల వాలు కూడా చూడండి. మా వసారా నీళ్లు పోవడానికి బయటికి వాలుగా ఉంటుంది, అక్కడ కూర్చుంటే వాడి చెయ్యి వీధి వైపే పోయేది!

చెయ్యి పైకి రాదు, లేదా పైకి వచ్చింది కిందికి దిగదు

ఇది సమతూకం సంగతి, పిల్లలు ఊగే తూగుడుబల్లలాగా. దోనె కింద ఒక ఆనిక ఉంటుంది. ఆనికను మోచేతి వైపు జరిపితే అరచెయ్యి వైపు బరువెక్కి కిందికి దిగుతుంది. వేళ్ల వైపు జరిపితే మోచేయి వైపు బరువెక్కి చెయ్యి తేలిగ్గా లేస్తుంది. ఒక్కసారికి అర సెంటీమీటరుకు మించి జరపొద్దు. స్ప్రింగు రకమైతే బిగువు పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది.

చాలామంది చెయ్యి లేస్తే చాలనుకుని స్ప్రింగు బాగా బిగించేస్తారు. అప్పుడు చెయ్యి గడ్డం దగ్గరే తేలుతూ ఉంటుంది, కంచంలోకి దించడానికి బలం పెట్టాలి, ఆ దించే కండరాలు కూడా నీరసించినవే. నాలుగు ముద్దలకే అలసట. చెయ్యిని రొమ్ము ఎత్తున వదిలి చూడండి, లేవకుండా పడకుండా అక్కడే నిలిస్తే సరైన బిగువు. చేతిలో చెంచా పెట్టి చూడాలి, ఖాళీ చేత్తో కాదు. రబ్బరు బ్యాండ్లైతే ఎండకీ వేడికీ సాగిపోతాయి, ఒక్కటి సాగినా మొత్తం సెట్టు మార్చేయండి.

స్క్రూ వదులు చేసే ముందు పాత చోటు మీద గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. మా అమ్మ చెప్పిన ఈ చిట్కా మమ్మల్ని ఎన్నిసార్లు కాపాడిందో!

చెయ్యి నోటిదాకా వస్తుంది కానీ ముద్ద నోట్లోకి పోదు

మనం చేత్తో తింటాం కాబట్టి మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. ముద్ద తీసేటప్పుడు అరచెయ్యి కిందికి ఉంటుంది, నోటి దగ్గరికి వచ్చేసరికి ముంజేయి మెలితిరిగి లోపలికి చూడాలి. దోనెలో పట్టీ వేసి కట్టిన చెయ్యి అలా తిరగదు, పైగా చాలామందికి ముంజేయి బోర్లా ఉండే తీరులోనే బిగుసుకుపోయి ఉంటుంది. దాంతో ముద్ద చూపుడు వేలి అవతలే ఉండిపోతుంది, పెదవి తాకుతుంది, ఒళ్లో పడుతుంది. తమ్ముడు ఇక్కడే ఏడ్చాడు, "అక్కా, నువ్వే పెట్టెయ్" అన్నాడు.

మేం చేసింది ఏమిటంటే, మణికట్టు వైపు పట్టీ తీసేసి మోచేతి వైపు ఒక్కటే ఉంచాం, దోనె లోపలి అంచు కింద చిన్న స్పాంజి పెట్టి చెయ్యి బొటనవేలు పైకి ఉండేలా వాల్చాం. కంచాన్ని టేబుల్ మీద పీట వేసి దాని మీద పెట్టాం, ఎత్తు పెరిగితే చెయ్యి ప్రయాణం తగ్గుతుంది. పప్పన్నం అమ్మ గట్టిగా కలిపి, ఉసిరికాయంత ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెడుతుంది. వాడు మూడు వేళ్లతో ఒక్కొక్కటీ తీసి, తల కొంచెం వంచి అందుకుంటాడు. చారన్నానికి ఇది కుదరదు, దానికి కొస పక్కకు వంచిన చెంచా ఇస్తాం, పిడికి మందంగా గుడ్డ చుట్టి. మొదటిరోజు పదకొండు ముద్దలు తిన్నాడు, నేను లెక్కపెట్టాను.

తింటుంటే పదేపదే దగ్గు, పొరమారడం ఉంటే అది చెయ్యి సమస్య కాదు. మింగడం గురించి డాక్టర్‌ను అడగండి.

మణికట్టు వేలాడిపోతోంది

మణికట్టుకు తేలికపాటి స్ప్లింట్, అంటే దాన్ని వంగకుండా పట్టి ఉంచే కట్టు, వేయండి. దాని బరువు అరచేతి వైపు కలుస్తుంది కాబట్టి సమతూకం మళ్లీ చూసుకోవాలి.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి

మోచేతి లోపలి పక్కన ఒక నరం చర్మం కిందే ఉంటుంది, దోనె అంచు దాన్ని నొక్కుతోంది. మోచేతి మొన దేనికీ తగలకుండా దోనెను ముందుకు జరపండి, అంచుకు మెత్త వేయండి. చెయ్యి తీశాక ఎర్రటి గుర్తు అరగంటైనా పోకపోతే ఆ చోట నొక్కుడు ఎక్కువైనట్టే. వేసవిలో చెమటకు రేకు అంటుకుంటుంది, లోపల నూలు గుడ్డ పరిచి రోజూ మార్చండి.

మెడ, భుజం నొప్పి

ఎదురుగా నిలబడి రెండు భుజాలూ చూడండి. సపోర్ట్ ఉన్న పక్క భుజం చెవి వైపు ఎత్తుకుని ఉంటే మొత్తం పరికరాన్ని కొంచెం దించండి. మొదట్లో ఒక్క పూట భోజనానికే వాడండి. మర్నాటికి కూడా నొప్పి ఉంటే సమయం తగ్గించండి. "దీనికి అలవాటు పడితే ఉన్న బలం పోతుంది" అని మా పెద్దమ్మ అంది. అసలు కదలని చెయ్యే త్వరగా బిగుసుకుపోతుంది.

గుమ్మాలకు తగులుతోంది

గుమ్మం దాటే ముందు కడ్డీలు ఒళ్లోకి మడవండి. ఎలక్ట్రిక్ కుర్చీ అయితే భోజనానికి ముందు స్విచ్ ఆఫ్ చేయండి, తేలుతున్న చెయ్యి జాయ్‌స్టిక్‌కు తగిలితే కుర్చీ ముందుకు దూకుతుంది.

అన్నీ సరిచేసినా కొన్ని నెలలకు మళ్లీ కష్టంగా ఉంది

ఇది జబ్బు ముందుకు వెళ్లడం వల్ల కావచ్చు, కుటుంబం చేసిన తప్పేమీ లేదు. కొత్త బిగువు కావాలి, ఒక్కోసారి మోటారు ఉన్న రకం కావాలి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (తినడం లాంటి రోజువారీ పనులు తనంతట తాను చేసుకునేలా సాయపడే నిపుణులు) దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక భోజనం మొత్తం ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి, పక్కనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. క్లినిక్‌లో ఐదు నిమిషాలు చూస్తే కనబడనిది అందులో కనబడుతుంది. ఒక చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం పరికరం పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించండి.