గవర్నర్ స్క్రూ తిప్పే ముందు జాగ్రత్తలు

డీజిల్ ఇంజన్ స్పీడు నిలకడగా లేదనగానే గవర్నర్ (డీజిల్‌ను పెంచుతూ తగ్గిస్తూ స్పీడును అదుపులో ఉంచే భాగం) మీద చేయి వేయకండి. ముందు ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ చూడండి, డీజిల్ లైన్‌లో గాలి చేరిందేమో చూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

- ఇంజన్ ఆగి ఉండగానే డీజిల్ పంపు ర్యాక్‌ను (ఇంజన్‌కు ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించే కడ్డీ) చేత్తో కదపండి. అక్కడక్కడా పట్టేస్తూ కదిలితే స్టార్ట్ చేయొద్దు. ర్యాక్ ఫుల్ డీజిల్ దగ్గర ఇరుక్కుంటే గవర్నర్ ఏమీ చేయలేదు, ఇంజన్ అదుపు తప్పి పరుగెడుతుంది. స్టాప్ లివర్ లాగితే డీజిల్ పూర్తిగా తెగుతోందా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

- అయినా ఆ లివర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చి మండిస్తుంటే డీజిల్ కట్ చేసినా ఆగదు, గాలి మూయాల్సిందే. ఇంజన్ గాలి పీల్చే ఇన్‌టేక్ నోటికి సరిపడే గట్టి పలక సిద్ధంగా ఉంచి, ఒకరిని దగ్గర నిలబెట్టండి. అరచేయి, గుడ్డ అస్సలు అడ్డం పెట్టకూడదు.

- స్క్రూల పాత స్థానం పెయింట్‌తో గుర్తు పెట్టి, ఫోటో తీయండి. సీలు ఉన్న ఫుల్ లోడ్ స్క్రూ (ఎక్కువలో ఎక్కువ ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది) జోలికి పోవద్దు, అది పంపును పరీక్షించే టెస్ట్ బెంచ్ మీద చేసే పని.

- ఇంజెక్టర్ పైపుల లీకేజీ వేలితో వెతకొద్దు, అట్టముక్క వాడండి. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. దూరితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

- వదులు బట్టలు వద్దు, గాలి ఆడే చోటే నడపండి.

- ఇంజన్ బాగా వేడెక్కాకే, టాకోమీటర్ (ఇంజన్ స్పీడు చూపే మీటర్) చూస్తూ సెట్ చేయాలి. 4 పోల్ జనరేటర్‌కు 50 హెర్ట్జ్ అంటే 1500 ఆర్‌పీఎం. మామూలు మెకానికల్ గవర్నర్ అయితే లోడ్ లేనప్పుడు స్పీడు కాస్త ఎక్కువే చూపిస్తుంది, దాన్ని తగ్గించేయకండి.