ఓబో కీలు, వేళ్ల అమరిక: పట్టికకు ముందు తెలుసుకోవలసినవి

పాశ్చాత్య ఊదు వాద్యమైన ఓబో నేర్చుకోవాలనుకునేవారికి మొదట కనిపించేది కీల గుంపు. నల్లని కర్ర మీద వెండి రంగు మీటలు, కడ్డీలు, చిన్నచిన్న మూతలు ఒకదాని మీదొకటి పరుచుకుని ఉంటే, ఇన్నింటిని పది వేళ్లతో ఎలా నడిపించాలని ఎవరికైనా దిగులు పుడుతుంది. నిజానికి ఆ దిగులు అక్కరలేదు. సింహాచలం కొండ మీద అప్పన్న సన్నిధిలో మోగే సన్నాయికి ఏడు వేలి రంధ్రాలే ఉంటాయి, కీలు ఉండవు. మధ్య స్వరాలన్నీ రంధ్రాన్ని కొంత మూసి, కొంత తెరిచి, ఊపిరిని సర్దుతూ పలికిస్తారు. జంట రెల్లు పీక, కిందికి పోనుపోను వెడల్పయ్యే గొట్టం రెండు వాద్యాలకూ ఉన్నాయి. ఓబో చేసినదల్లా, అక్కడ విద్వాంసుడి వేలి కొస చేసే పనిలో కొంత భాగాన్ని లోహపు మీటలకు అప్పగించడం. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే కీలు ఎందుకున్నాయో ఒక్కొక్కటిగా అర్థమవుతుంది.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది పారిస్‌లో ట్రీబెర్ కుటుంబం వారి కార్ఖానాలో రూపుదిద్దుకున్న కన్సర్వటోయిర్ పద్ధతి. వేళ్లు నేరుగా రంధ్రాలను మూయకుండా లోహపు మూతలను నొక్కే నమూనా, ఓబో విద్వాంసుడు జార్జ్ జిలే సూచనలతో వాద్యాలు తయారుచేసే లోరె సంస్థ 1906లో తెచ్చినది. ఇంగ్లండ్‌లో బొటనవేలి పలక ఉన్న మరో పద్ధతి కూడా ఉంది. పాత వాద్యం కొనేవారు అది ఏ పద్ధతిదో ముందు చూసుకోవాలి, ఎందుకంటే బి ఫ్లాట్, సి స్వరాలకు వేళ్లు మారిపోతాయి (సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అన్నవి పాశ్చాత్య స్వరాల పేర్లు; ఫ్లాట్ అంటే అర స్వరం కింద, షార్ప్ అంటే అర స్వరం పైన). ఇక్కడ చెప్పేదంతా కన్సర్వటోయిర్ పద్ధతి గురించే.

ముందు ఆరు వేళ్లు చూద్దాం. ఎడమచేయి పైన, కుడిచేయి కింద ఉండాలి. కుడి బొటనవేలు వెనుక ఉన్న ఆనుపు కింద నిలిచి వాద్యం బరువు మోస్తుంది. రెండు చేతుల చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, ఈ ఆరూ మూస్తే డి పలుకుతుంది. కింది నుంచి ఒక్కో వేలు లేపుకుంటూ పోతే వరుసగా ఇ, ఎఫ్ షార్ప్, జి, ఎ, బి వస్తాయి. బి దగ్గరికి వచ్చేసరికి ఎడమ చూపుడువేలు ఒక్కటే మిగులుతుంది. సంగీతం నేర్చుకున్న చెవికి ఇది డి షడ్జమంగా శంకరాభరణంలో ధైవతం దాకా ఎక్కినట్టు వినిపిస్తుంది. మొదటి వారాల్లో బి, ఎ, జి మూడింటినే నిలకడగా, ఒకే ఊపిరిలో పలికించడం మేలు. కింది స్వరాలకు అన్ని మూతలూ సరిగ్గా మూసుకోవాలి కనుక అవి తరువాత.

ఈ ఆరింటిలో సి లేదు, ఎఫ్ లేదు. సి కోసం బి పట్టి ఉంచి, కుడి చూపుడువేలు నొక్కాలి. కింది వేలు నొక్కితే శ్రుతి పెరగడం వింతగా తోస్తుంది గాని, ఆ వేలు నొక్కగానే వంతెన లాంటి చిన్న మీట ద్వారా పై భాగంలో ఒక మూత తెరుచుకుంటుంది. ఎ మీద అదే వేలు వేస్తే బి ఫ్లాట్ వస్తుంది. రెండు భాగాలను బిగించేటప్పుడు ఆ వంతెన మీటలు ఒకదానికొకటి తిన్నగా రాకపోతే ఈ రెండు స్వరాలే ముందు చెడతాయి.

ఇక ఎఫ్. ఓబోలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ స్వరమే, ఎందుకంటే దీనికి మూడు పట్టులున్నాయి. మొదటిది మామూలుది: ఇ పట్టి ఉంచి కుడి ఉంగరపువేలితో ఎఫ్ కీ నొక్కడం. నాదం దీనిలోనే అన్నిటికన్నా బాగుంటుంది. కాని డి పలికించేది కూడా ఆ ఉంగరపువేలే కాబట్టి, డి నుంచి ఎఫ్‌కు వెళ్లాలంటే వేలు ఒక కీ మీద నుంచి మరో కీ మీదికి జరగాలి. ఆ జరుగుబాటులో మధ్యన అక్కరలేని స్వరం ఒకటి దొర్లుతుంది. రెండవది ఫోర్క్‌డ్ ఎఫ్: డి పట్టులో కుడి నడిమివేలు ఒక్కటి లేపితే చాలు. నాదం కొంచెం మందంగా ఉంటుంది. ఆ నాదాన్ని మెరుగుపరిచే ఎఫ్ రెసొనెన్స్ కీ వాద్యానికి లేకపోతే కుడి చిటికెనవేలితో ఇ ఫ్లాట్ కీ కూడా కలపాలి. మూడవది లెఫ్ట్ ఎఫ్: ఇ పట్టుకు ఎడమ చిటికెనవేలి కీని కలపడం. తక్కువ ధర విద్యార్థి వాద్యాల్లో చాలావాటికి ఈ కీ ఉండదు, కొనేముందు అడగాలి.

ఏ స్వరానికి ఏ వేళ్లో చూపే పట్టిక, ఈ మూడింటిలో ఏది ఎప్పుడు వాడాలో చెప్పదు. అది తేల్చేది ముందు స్వరం ఏది, తరువాతి స్వరం ఏది అన్నదే. ఆరభి రాగం తీసుకోండి. ఒకటో శ్రుతిలో, అంటే సి షడ్జమంగా, ఆరోహణం సి, డి, ఎఫ్, జి, ఎ, సి. గాంధారం లేదు కనుక డి మీద నుంచి నేరుగా ఎఫ్‌కు ఎక్కాలి. ఇక్కడ లెఫ్ట్ ఎఫ్ గాని ఫోర్క్‌డ్ ఎఫ్ గాని తప్పదు. అవరోహణంలో గాంధారం వస్తుంది: జి, ఎఫ్, ఇ, డి. ఎఫ్ తరువాత ఇ ఉంది కనుక ఉంగరపువేలికి ఎఫ్ కీని వదిలి డి దగ్గరికి రావడానికి వ్యవధి దొరుకుతుంది. మామూలు ఎఫ్ హాయిగా సరిపోతుంది. ఒకే రాగంలో, ఒకే మధ్యమానికి, ఎక్కేటప్పుడు ఒక పట్టు, దిగేటప్పుడు మరో పట్టు. ఈ ఒక్క రాగాన్ని నెమ్మదిగా అభ్యసిస్తే ఎఫ్ గురించి పేజీల కొద్దీ చదవనవసరం లేదు.

రెండు చూపుడువేళ్లతో పలికే ఆ సి దాటిన తరువాత మరో పని మొదలవుతుంది. ఎడమ చూపుడువేలి మూత మధ్యలో సన్నని రంధ్రం ఉంటుంది, దాని కిందుగా ఒక చిన్న పలక ఉంటుంది. పై సి షార్ప్, డి, ఇ ఫ్లాట్ స్వరాలకు వేలిని ఆ పలక మీదికి దొర్లించి రంధ్రాన్ని తెరవాలి. దీన్నే హాఫ్ హోల్ అంటారు. వేలు పైకి లేవకూడదు, పక్కకు జారకూడదు, మెటిక దగ్గర కొద్దిగా తిరిగి కిందికి దొర్లాలి. చాలామంది వేలిని ఎత్తి మళ్లీ దించుతారు, అప్పుడు స్వరం ముందు చిన్న చీలిక వినిపిస్తుంది. అద్దం ముందు నిలబడి, ఊదకుండా, ఆ వేలినొక్కదాన్నే చూస్తూ దొర్లించడం మంచి సాధన. పై ఇ నుంచి జి షార్ప్ వరకు స్వరాన్ని పై స్థాయికి ఎత్తే వెనుక బొటనవేలి ఆక్టేవ్ కీ, ఎ నుంచి పై సి వరకు చూపుడువేలి పక్క భాగంతో నొక్కే రెండవ ఆక్టేవ్ కీ వాడాలి. సెమీ ఆటోమేటిక్ వాద్యాల్లో రెండవది నొక్కితే మొదటి రంధ్రం తనంతట మూసుకుంటుంది, బొటనవేలు తీయనక్కరలేదు. ఆ పైని స్వరాలకు చూపుడువేలు పూర్తిగా లేచే కొత్త పట్టులు వస్తాయి. వాటికి తొందర లేదు.

మన సరళి స్వరాలు మాయామాళవగౌళలో నేర్చుకున్నవారికి ఒక సలహా. ఒకటో శ్రుతిలో కింది స్థాయిలో మొదలుపెడితే షడ్జమం, శుద్ధ రిషభం రెండూ కుడి చిటికెనవేలి కీలే, కనుక అది సి నుంచి సి షార్ప్‌కు జారవలసి వస్తుంది. ఐదో శ్రుతిలో, అంటే జి షడ్జమంగా మొదలుపెట్టండి: జి, ఎ ఫ్లాట్, బి, సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి. రిషభానికి ఎడమ చిటికెనవేలి జి షార్ప్ కీ కలుస్తుంది. గాంధారానికి ఆ చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు ఒకేసారి లేస్తాయి. మధ్యమానికి కుడి చూపుడువేలు దిగుతుంది. మధ్యమం నుంచి పంచమానికి నాలుగు వేళ్లు ఒక్కసారిగా దిగి, ఎడమ చూపుడువేలు దొర్లాలి. కష్టమంతా ఆ ఒక్క చోటే ఉంది, కాబట్టి మొత్తం వరుస కన్నా మధ్యమం, పంచమం జంటను మాత్రమే ఒకటో కాలంలో పదేపదే వాయించడం ఉపయోగం.

వేళ్లు సరిగ్గా ఉన్నా స్వరం పలకకపోతే వేళ్లను తప్పుపట్టేముందు వాద్యాన్ని చూడాలి. విశాఖలో సముద్రపు గాలికి ఉక్కు స్ప్రింగులు తుప్పు పడతాయి, స్ప్రింగు నీరసించిన కీ ఆలస్యంగా లేస్తుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లవారు వాయించడం అయ్యాక మెత్తని పొడిగుడ్డతో కీలు తుడిచి, పెట్టెలో పెట్టి మూయాలి. ఏసీ గదిలో చల్లబడిన వాద్యాన్ని వెంటనే ఊదితే లోపల తేమ చేరి, పై భాగపు చిన్న రంధ్రాల్లో నీరు నిలిచి గరగర శబ్దం వస్తుంది. ఆ కీ తెరిచి, రంధ్రంలోకి గట్టిగా ఊది, మూత కింద పలుచని సిగరెట్ కాగితం పెట్టి నీరు పీల్చనివ్వాలి. కింది స్వరాలన్నీ ఒకేసారి మొండికేస్తే ఎక్కడో ఒక మూత పూర్తిగా మూసుకోవడం లేదని అర్థం. మూతల మధ్య సమన్వయాన్ని సర్దే చిన్న స్క్రూలను తెలియనివారు తిప్పకూడదు. ఒకటి తిప్పితే మరో రెండు మూతల సర్దుబాటు తప్పుతుంది, కనుక ఆ పని చేతికి అలవాటున్నవారికే వదలాలి.