ఇన్‌కమ్ ట్యాక్స్ బాకీ ఒకేసారి కట్టలేకపోతే: గడువుకు, వాయిదాలకు దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

డిమాండ్ నోటీసు వస్తే అందరి కళ్ళూ ముందు పడేది మొత్తం మీద. మీరు మాత్రం ముందు తేదీ చూడండి. నోటీసు అందినప్పటి నుంచి మామూలుగా 30 రోజుల్లో కట్టాలి. నా దగ్గర అంత డబ్బు లేదు, టైమివ్వండి, లేదా వాయిదాల్లో కట్టనివ్వండి అని అడగడానికి 1961 ఆదాయపు పన్ను చట్టం 220(3) సెక్షన్ వీలు కల్పించింది, కానీ ఆ దరఖాస్తు గడువు తీరకముందే ఆఫీసులో పడాలి. తర్వాత అడగకూడదని కాదు, అప్పటికి మీరు చట్టం లెక్కలో డిఫాల్టర్ అయిపోయి ఉంటారు, మాట వినేవాళ్ళ తీరే మారిపోతుంది. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, దాంట్లో సెక్షన్ల నంబర్లు వేరు. పాత సంవత్సరాల బాకీలకు పాత నంబర్లే చూసుకోవాలి.)

నోటీసు అసలుదో కాదో కూడా చూసుకోవాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ అవసరం లేకుండా, నోటీసు మీదున్న డిన్ (ప్రతి నోటీసుకూ ఇచ్చే గుర్తింపు) నంబర్ కొట్టి సరిచూసుకోవచ్చు. వాట్సాప్‌లో లింకు పంపి ఈ రోజే కట్టాలి అనేవాళ్ళను అక్కడే వదిలేయండి.

అసలుదే అని తేలితే పోర్టల్‌లో లాగిన్ అయ్యి, పెండింగ్ యాక్షన్స్‌లో రెస్పాన్స్ టు ఔట్‌స్టాండింగ్ డిమాండ్ తెరవండి. డిమాండ్ సరైనదే అనో, ఒప్పుకోను అనో రెండు దారులుంటాయి. టెన్షన్‌లో చాలామంది మొదటిది నొక్కేస్తారు, ఒకసారి అలా ఒప్పుకున్నాక ఆ డిమాండ్‌ను మళ్ళీ కాదనడానికి పోర్టల్ ఒప్పుకోదు. కాబట్టి ఫారం 26ఏఎస్ (మీ పేర జమైన పన్నుల పట్టీ), ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల పట్టీ) తీసి లెక్క కుదురుతుందో లేదో చూడనిదే ఏదీ నొక్కొద్దు. జీతంలో ముందే కోసిన పన్నును (టీడీఎస్) ఆఫీసు వాళ్ళు జమ చేయకపోవచ్చు, లేదా మీరు కట్టిన చలానాలో అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) తప్పు పడి ఉండొచ్చు, అలాంటి డిమాండ్లు బాకీలే కావు. 143(1) సెక్షన్ కింద బెంగళూరు సీపీసీ (రిటర్నులు పరిశీలించే కేంద్రం) నుంచి వచ్చిన లెక్కలో కంటికి కనపడే తప్పుంటే పోర్టల్ సర్వీసెస్‌లో రెక్టిఫికేషన్ (తప్పు సరిదిద్దమనే అర్జీ) పెట్టుకోవచ్చు, దానికి ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ వరకు టైముంది. 2024 బడ్జెట్‌లో చిన్న పాత బాకీలు కొన్ని ఎత్తేశారు కూడా: ఆర్థిక సంవత్సరం 2009-10 వరకు ఉన్నవి ఒక్కోటి 25 వేల లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10 వేల లోపు, అన్నీ కలిపి మనిషికి లక్షకు మించకుండా.

సరే, బాకీ నిజమే అనుకుందాం. ఆదోనిలో పత్తి వ్యాపారమో, అనంతపురంలో శనక్కాయల మండీనో, బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీనో నడిపే మనిషికి లక్షా ఇరవై వేల డిమాండ్ వచ్చింది. సరుకు అమ్మిన డబ్బులు మార్కెట్లోనే ఇరుక్కున్నాయి. ఈయన పాన్ ఏ అధికారి పరిధిలో ఉందో పోర్టల్‌లో నో యువర్ ఏవో (మీ అసెసింగ్ అధికారి ఎవరో చెప్పేది) దగ్గర తెలుస్తుంది, కర్నూలా, అనంతపురమా, కడపా అన్నది ఇప్పుడున్న ఇల్లు చూసి అనుకోవద్దు, ఊరు మారినా పాన్ పాత వార్డులోనే ఉండిపోవడం మామూలే. ఆ అధికారి పేరిట తెల్లకాగితం మీదే అర్జీ రాయొచ్చు. పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, డిమాండ్ రిఫరెన్స్ నంబర్, మొత్తం, నోటీసు అందిన తేదీ ముందు వేయాలి. ఆ తర్వాత కష్టం ఏమిటో రాయాలి, కష్టాల్లో ఉన్నాను అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు, బ్యాంకు స్టేట్‌మెంట్, రావాల్సిన బాకీల పట్టీ, ఆసుపత్రి బిల్లులుంటే అవి, లోన్ ఈఎంఐ కాగితాలు జత చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎంత, ఏ తేదీకి కడతారో మీరే రాయడం. ఇప్పుడు ముప్పై వేలు కట్టాను, చలానా ఇదిగో, మిగతాది నెలకు పదిహేను వేల చొప్పున ఆరు నెలలు అన్నట్టు రాస్తే అధికారికి సంతకం పెట్టడానికి ఒక ఆధారం దొరుకుతుంది. వట్టి చేతులతో ఇచ్చిన అర్జీకీ, కొంత కట్టి ఇచ్చిన అర్జీకీ తేడా ఉంటుందని నా అభిప్రాయం. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటి ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి, అదే కాగితం అధికారి ఈమెయిల్‌కూ పంపండి.

కట్టేటప్పుడు ఈ-పే ట్యాక్స్‌లో 400 కోడ్, అంటే డిమాండ్ పేమెంట్ యాజ్ రెగ్యులర్ అసెస్‌మెంట్ ట్యాక్స్ ఎంచుకోవాలి. అలవాటుగా 300 కొట్టారంటే అది సెల్ఫ్ అసెస్‌మెంట్ కింద పడుతుంది, డిమాండ్ మాత్రం అలాగే కనపడుతుంది.

వాయిదాలు దొరికాయంటే వడ్డీ ఆగిందని కాదు. నెలకు ఒక శాతం నడుస్తూనే ఉంటుంది, నెలలో ఒక్క రోజు దాటినా నెల మొత్తానికీ లెక్కే. ఒక్క వాయిదా తప్పితే మిగిలినదంతా ఆ రోజే కట్టాల్సిన బాకీ అయిపోతుంది. అందుకే పంట డబ్బు చేతికొచ్చే నెలలు చూసి తేదీలు అడగండి, గొప్పకు పోయి రెండు నెలల్లో కడతానని రాయొద్దు.

వడ్డీ భారం మరీ ఎక్కువైతే 220(2ఏ) కింద కమిషనర్ స్థాయి అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. వడ్డీ కట్టడం నిజంగా కష్టం కావాలి, ఆలస్యం మీ చేతిలో లేని కారణంతో జరిగి ఉండాలి, విచారణకు మీరు సహకరించి ఉండాలి. మూడూ ఉండాల్సిందే. తగ్గేది వడ్డీయే, అసలు పన్ను కాదు. ఈ అర్జీ మీద ఏడాదిలోపు ఏదో ఒకటి తేల్చాలి.

పన్నే తప్పు అని మీ వాదనైతే 30 రోజుల్లో ఫారం 35తో అప్పీలు. ఆదాయాన్ని బట్టి ఫీజు 250 నుంచి 1,000 రూపాయలే. కానీ అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు, స్టే (వసూలు ఆపడం) కోసం అధికారికి విడిగా అర్జీ ఇవ్వాలి, 2017 నుంచి మామూలుగా 20 శాతం కట్టమంటున్నారు.

సగానికి సెటిల్ చేయిస్తాం అనే ఏజెంట్లు మన ఊళ్ళలో తక్కువేం లేరు. పన్ను కేసులు రాజీ చేసే సెటిల్‌మెంట్ కమిషన్ 2021 ఫిబ్రవరి 1తోనే పోయింది, పన్ను వివాదాలు తేల్చుకునే వివాద్ సే విశ్వాస్ 2024 పథకం గడువూ 2025 ఏప్రిల్ 30తో ముగిసింది. ఇప్పుడు ఎవరితో సెటిల్ చేయిస్తారో అడిగి చూడండి.

ఏమీ చేయకుండా కూర్చుంటే వచ్చే రీఫండ్లు బాకీకి సర్దుకుంటారు, 221 కింద పెనాల్టీ బాకీ మొత్తం దాకా పడొచ్చు, బ్యాంకు ఖాతాను అటాచ్ చేస్తారు. ఖాతా ఆగిపోయినా బ్యాంకు మేనేజర్‌తో గొడవ పడి లాభం లేదు, నోటీసు పంపిన అధికారి దగ్గరికే కొంత కట్టిన చలానాతో వెళ్ళి ఎత్తేయమని రాసివ్వాలి.

జీఎస్టీ బాకీ అయితే దారి వేరు. జీఎస్టీ పోర్టల్‌లో సర్వీసెస్, యూజర్ సర్వీసెస్, మై అప్లికేషన్స్‌లోకి వెళ్ళి డీఆర్‌సీ-20 అనే దరఖాస్తు ఫారం పెట్టాలి, గరిష్ఠంగా 24 నెలవారీ వాయిదాలు ఇస్తారు. బాకీ 25 వేలకు తక్కువైతే ఇవ్వరు, రిటర్నులో మీరే చూపించుకున్న పన్నుకు అసలే వర్తించదు, అది ఒకేసారి కట్టాల్సిందే.