పర్లాకిమిడి ఇంట్లో పాటల సర్వర్: కమాండ్ లైన్ నుంచి ఎంపీడీ నడపడం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో పాటల సేకరణ చాలావరకు రెండు భాషలది. ఘంటసాల, సుశీల పాటల పక్కనే ఒడియా గాయకుడు అక్షయ మహంతి పాటలూ ఉంటాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించినవి, సీడీల నుంచి తీసినవి, బంధువులు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి అన్నీ ఒకే హార్డ్‌డిస్కులో కలగాపులగంగా పడి ఉంటాయి. వీటిని ఇంట్లో ఏ గదిలోనైనా ఫోనులో వినడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను దెబ్బతీసినప్పటిలాంటి పరిస్థితి మళ్లీ వచ్చి బయటి లైను తెగిపోయినా, ఇంటి రౌటరుకూ సర్వరుకూ కరెంటు అందుతున్నంతసేపు సొంత సర్వరు, అంటే ఫోన్లకు పాటలు పంపే ఇంటి కంప్యూటరు, పాడుతూనే ఉంటుంది.

ఇందుకు నేను సూచించేది ఎంపీడీ, అంటే మ్యూజిక్ ప్లేయర్ డెమన్. ఇది తెర మీద ఏమీ కనబడకుండా వెనుక నడుస్తుంది. దానికి ఆదేశాలిచ్చే చిన్న ప్రోగ్రాము ఎంపీసీ. ఎంపీడీ స్ట్రీము, అంటే నెట్‌వర్కులో అది పంపే పాటల ప్రవాహం, రేడియో స్టేషనులాంటిదని ముందే తెలుసుకోవాలి: పాటల వరుస ఒక్కటే, వినేవారందరికీ ఒకే పాట వస్తుంది. ఎవరి ఫోనులో వారికి వేరే పాట కావాలంటే నావిడ్రోమ్ అనే మరో సర్వరు నయం. ఉదయం భక్తిగీతాలు, రాత్రి పాత సినిమా పాటలు ఇంటిల్లిపాదీ కలిసి వినే అలవాటున్న చోట మాత్రం ఎంపీడీయే సరిపోతుంది.

యంత్రంగా పాత ల్యాప్‌టాప్‌ను వాడడం మేలు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు తక్కువ కరెంటు తీసుకుంటుంది గాని, దానికి బ్యాటరీ ఉండదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ కాస్త పనిచేస్తున్నా చిన్నపాటి కోతలను దాటిస్తుంది. రౌటరుకు కూడా ఒక చిన్న యూపీఎస్ పెట్టకపోతే ఈ లాభం దక్కదు. మూత మూసినా యంత్రం నిద్రపోకుండా, లినక్స్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని సిస్టమ్‌డీ ఫోల్డరులో ఉన్న లాగిన్‌డీ డాట్ కాన్ఫ్ ఫైలులో 'హ్యాండిల్ లిడ్ స్విచ్' విలువను 'ఇగ్నోర్' చేసి యంత్రాన్ని రీబూట్ చేయాలి.

డెబియన్ లేదా ఉబుంటు అనే లినక్స్ రకాల్లో స్థాపనకు టెర్మినల్‌లో ఒక్క వరుస ఆదేశం చాలు: 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎంపీడీ ఎంపీసీ'. పాటలను మీ హోమ్ ఫోల్డరులో పెట్టవద్దు. ఎంపీడీ తన సొంత యూజరు పేరుతో నడుస్తుంది. కొత్త ఉబుంటులో హోమ్ ఫోల్డరులోకి ఇతర యూజర్లకు ప్రవేశం ఉండదు కాబట్టి, పాటలన్నీ కళ్లెదుటే ఉన్నా సర్వరుకు ఒక్కటీ కనబడదు. ఎస్ఆర్‌వీ అనే సిస్టమ్ ఫోల్డరు కింద మ్యూజిక్ అనే ఫోల్డరు చేసి, అందులోకి పాటలు చేర్చి, 'సీహెచ్‌మోడ్' ఆదేశానికి పెద్ద ఆర్ ఐచ్ఛికమూ 'ఏ ప్లస్ ఆర్ పెద్ద ఎక్స్' అనే అనుమతీ ఇస్తే, అందరూ చదవగలిగేలా అవుతాయి. పాటలు బయటి డిస్కులో ఉంటే బూటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో ఆ డిస్కు వరుసలో 'నోఫెయిల్' చేర్చాలి. లేకపోతే డిస్కు ఊడిన రోజు యంత్రం బూటవడమే ఆగిపోవచ్చు.

ఇప్పుడు ఈటీసీలోని ఎంపీడీ డాట్ కాన్ఫ్ తెరవండి. 'మ్యూజిక్ డైరెక్టరీ' వరుసలో కొత్త ఫోల్డరు దారి రాయండి. తర్వాత ఒక 'ఆడియో ఔట్‌పుట్' ఖండం చేర్చి అందులో టైపు 'హెచ్‌టీటీపీడీ', మీకు నచ్చిన పేరు, ఎన్‌కోడరు (పాటను ఎంపీత్రీగా మార్చేది) 'లేమ్', పోర్టు 8000, బిట్‌రేటు 128, ఫార్మాటు 44100:16:2 అని ఇవ్వండి. బిట్‌రేటు ఇచ్చినప్పుడు 'క్వాలిటీ' వరుస ఉండకూడదు. 'ఆల్వేస్ ఆన్' విలువను 'ఎస్' చేస్తే, పాట ఆగినా వినేవారి కనెక్షను తెగదు. 128 కిలోబిట్లంటే గంటకు ఒక్కో ఫోనుకు సుమారు 58 మెగాబైట్లు. ఇంటి వైఫైకి ఇది లెక్కలోకి రాదు.

'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎంపీడీ' తర్వాత వరుసగా 'ఎంపీసీ అప్‌డేట్', 'ఎంపీసీ యాడ్ స్లాష్', 'ఎంపీసీ ప్లే' ఇవ్వండి. ఫోనులో వీఎల్‌సీ ప్లేయరు తెరిచి నెట్‌వర్క్ స్ట్రీములో సర్వరు చిరునామా, దాని వెంట కోలన్, 8000 కొట్టండి. చిరునామాను 'హోస్ట్‌నేమ్' ఆదేశం పెద్ద ఐ ఐచ్ఛికంతో చూపుతుంది. అది మారకుండా రౌటరులో స్థిరపరచండి. ఆదేశమిచ్చాక మార్పు కొన్ని సెకన్లు ఆలస్యంగా వినిపించడం బఫరింగు వల్లే, లోపం కాదు. అసలు ఏమీ వినబడకపోతే 'జర్నల్‌సీటీఎల్' ఆదేశాన్ని చిన్న యూ ఐచ్ఛికంతో, ఎంపీడీ పేరుతో నడిపితే కారణం అక్కడే రాసి ఉంటుంది.

ఇంతవరకు పని ఒక పూటలో తెమిలేది. అసలు శ్రమ ట్యాగులది, ఓపిక అంతా అక్కడే పెట్టమని నా మనవి. సర్వరు పాటను వెతికేది ఫైలులోపల ఉన్న గాయకుడు, ఆల్బమ్, శీర్షిక అనే ట్యాగులను బట్టి. 'ఎంపీసీ లిస్ట్ ఆర్టిస్ట్' కొట్టి చూడండి. ఘంటసాల ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట ఒత్తు లేని 'గంటసాల'గా, మరోచోట రోమన్ అక్షరాల్లో కనిపిస్తారు. క్యాసెట్టు నుంచి ఎక్కించిన పాటలైతే పేరే లేకుండా 'ట్రాక్ 01'గా మిగులుతాయి. వెతికినప్పుడు సగం పాటలు దొరకకపోవడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతపు సేకరణకు నేను పాటించే పద్ధతి ఇది: ఫోల్డరు పేర్లు రోమన్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, ట్యాగులు మాత్రం తెలుగు పాటకు తెలుగు లిపిలో, ఒడియా పాటకు ఒడియా లిపిలో. లినక్స్ నల్లతెర కన్సోలులో మన లిపులు సరిగా కనిపించవు. ఫోల్డరు పేరు రోమనులో ఉంటే 'ఎంపీసీ ఎల్ఎస్'తో తేలిగ్గా వెతికి చేర్చవచ్చు, ఫోను తెర మీద మాత్రం పేరు సొంత లిపిలో చదువుకోవచ్చు. ఎంపీత్రీ ఫైళ్ల ట్యాగులు దిద్దడానికి 'ఐడీత్రీ' సాధనం ఉంది. దాని పేరులో మొదటి భాగం కన్నుకు ఇంగ్లిషు మాట. చిన్న ఏ గాయకుడికి, పెద్ద ఏ ఆల్బమ్‌కు, చిన్న టీ శీర్షికకు. ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని ఇవ్వండి. ఫోల్డరు మొత్తానికి గాయకుడొక్కరే అయితే నక్షత్రం గుర్తుతో ఒకేసారి దిద్దవచ్చు. దిద్దాక మళ్లీ 'ఎంపీసీ అప్‌డేట్' తప్పదు.

8000 పోర్టుకు పాస్‌వర్డు ఉండదు కాబట్టి రౌటరులో దానిని బయటికి తెరవవద్దు. యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ సాధనంతో ఇంటి నెట్‌వర్కుకు మాత్రమే అనుమతించండి. ఉదయం 5 గంటలకు పాటలు వాటంతటవే మొదలవ్వాలంటే ముందుగా వరుసను 'ఎంపీసీ సేవ్'తో ఒక పేరు మీద దాచి, చెప్పిన వేళకు ఆదేశాలు నడిపే క్రాన్‌లో ఆ సమయానికి 'క్లియర్', 'లోడ్', 'ప్లే' ఆదేశాలను వరుసగా రాయండి. నెలకోసారి నకలు తీసే ఆర్‌సింక్ సాధనంతో పాటల ఫోల్డరును, ఎంపీడీ ప్లేలిస్టుల ఫోల్డరును రెండో డిస్కుకు ఎక్కించి, ఆ డిస్కును తీసి వేరేచోట భద్రపరచండి. ట్యాగులు ఫైళ్లలోనే ఉంటాయి గనుక, మొదటి డిస్కు పాడైనా దిద్దిన పని మళ్లీ చేయనక్కర్లేదు.