రాత్రి బిస్కెట్ డబ్బా ఖాళీ అవుతోందా? ముందు పొద్దుటి టిఫిన్ సంగతి చూడండి

ఇంటర్ పిల్లల తల్లులు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. "మేడం, మా అమ్మాయి అందరి ముందూ ముద్ద ముట్టదు. రాత్రి మేం పడుకున్నాక వంటింట్లో ఏది దొరికితే అది తినేస్తోంది." అప్పటికే డబ్బాలు అటకెక్కి ఉంటాయి, నోరు కట్టుకోలేవా అని తిట్లూ అయిపోయి ఉంటాయి. పొద్దున్నుంచి ఏం తిందమ్మా అంటే మాత్రం తల్లి, కూతురు ఇద్దరూ నేల చూస్తారు.

కారణం: పగలంతా పస్తు. రాత్రి జరిగేది దాని తిరుగుదెబ్బ. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు తిండి సగానికి తగ్గించి చూశాడు. రోజంతా తిండి ధ్యాసే, చిరాకు, దిగులు. మళ్లీ తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా ఆగలేకపోయారు.

పస్తు ఎందుకు మొదలైంది? నేను దెబ్బతిన్నది ఇక్కడే. టైఫాయిడ్ వచ్చి చిక్కిపోయిన ఒకమ్మాయిని చూసి, "భలే సన్నబడ్డావే!" అన్నాను. నేనే అన్నాను. ఇంట్లో పిన్ని, క్లాసులో ఫ్రెండ్స్ కూడా అదే మాట. జ్వరం తగ్గినా ఆ పిల్ల తిండి పెంచలేదు. వారం వారం పెట్టే టెస్టులో ర్యాంకు తన చేతిలో లేదు, తూకం మిషన్ మీద అంకె ఉంది. దాన్ని తగ్గిస్తే మెచ్చుకుంటారు కూడా! మధ్యాహ్నం బాక్సు పక్కపిల్లకు ఇచ్చేసేదని ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడ్డాక గానీ తెలియలేదు. తిట్లు, వెక్కిరింతలు అయితే పిల్లలే చెబుతారు. పొగడ్తను ఎవరూ ఫిర్యాదు చేయరు. అందుకే ఇప్పుడు, "మొదటిసారి సన్నబడినప్పుడు ఎవరేమన్నారు?" అని నేనే అడుగుతాను.

పరిష్కారం: మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, గ్యాప్ నాలుగు గంటలు దాటకూడదు. రాత్రి తిన్నా సరే, పొద్దుటి ఇడ్లీ మానకూడదు. తూకం మిషన్ ఇంట్లోంచి తీసేయండి. లావు, సన్నం మాటలు చుట్టాలతో సహా బంద్. బాగా చిక్కిపోయిన పిల్లలకు మాత్రం ఒక్కసారిగా తిండి పెంచడం ప్రమాదం, డాక్టర్ పర్యవేక్షణలోనే పెంచాలి.

దీనికి థైరాయిడ్, పేగు జబ్బులు కారణం కావడం నేను చూసినంతలో అరుదు, డాక్టర్ చెప్పిన టెస్టులతో తేలిపోతాయి. బలపాలు, పచ్చి బియ్యం నమిలితే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించండి, అది వేరే కథ.

తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుతోందంటే వాంతి చేసుకుంటోందేమో గమనించండి. పదే పదే వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. వాంతులు గానీ, కళ్లు తిరిగి పడటం గానీ, మూడు నెలలుగా నెలసరి రాకపోవడం గానీ ఉంటే నా దగ్గరికి కాదు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు విప్పి మాట్లాడటానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.