వైజాగ్‌ను హైదరాబాద్, బెంగళూరుతో పోల్చాలంటే ఎవరిని, ఏం అడగాలి?

ద్వారకానగర్‌లో నాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. క్లయింట్లలో చాలామంది కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లే. "స్టార్టప్‌కి వైజాగ్ మంచిదా, హైదరాబాదా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. పెద్ద నివేదికల్లో దీనికి జవాబు దొరకదు. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులువో చెప్పే ప్రపంచ బ్యాంకు 'డూయింగ్ బిజినెస్' ర్యాంకుకి మన దేశం మొత్తానికీ ముంబై, ఢిల్లీలనే లెక్కలోకి తీసుకునేవారు. 2009లో 17 నగరాలను విడిగా పోల్చినప్పుడు అందులో హైదరాబాద్ ఉంది, వైజాగ్ లేదు. 2021లో ఆ నివేదికనే ఆపేశారు. కాబట్టి మన ఊరి సంగతి మనమే అడిగి తెలుసుకోవాలి. ఓపికున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులు చేయగలిగిన పనే ఇది.

ముందు ఏం అడగక్కర్లేదో తేల్చుకోండి. కంపెనీ రిజిస్ట్రేషన్ 2020 నుంచి స్పైస్ ప్లస్ ఫారంలో ఆన్‌లైన్‌లో జరుగుతోంది. దరఖాస్తు ఏ ఊరిదైనా హర్యానాలో మానేసర్‌లోని ఒకే కేంద్రం చూస్తుంది. ఆదాయపు పన్ను కూడా అంతటా ఒకటే. ఊరిని బట్టి మారేవి వేరే ఉన్నాయి: ట్రేడ్ లైసెన్సు (ఇక్కడ జీవీఎంసీ ఇస్తుంది), కరెంటు కనెక్షన్ (ఈపీడీసీఎల్), ఆఫీసు అద్దె, అడ్వాన్సు, పనికి మనుషులు, మొదటి కస్టమర్, పెట్టుబడి పెట్టేవాళ్లను కలవడానికి అయ్యే ప్రయాణాలు. ప్రశ్నలన్నీ వీటి మీదే ఉండాలి.

ప్రశ్న ఎలా రాస్తామన్నదే అసలు సంగతి. రుషికొండలో సాఫ్ట్‌వేర్ చేసే ఒక కుర్రాణ్ని, "మంచి మనుషులు దొరుకుతున్నారా? అయిదుకి ఎన్ని మార్కులు వేస్తావు?" అని అడిగాను. "నాలుగు వేసుకోండక్కా" అన్నాడు. "సరే బాబూ, ఆఖరున చేరినవాళ్ల కోసం ప్రకటన ఎప్పుడిచ్చావు?" అంటే ఫోన్ తీసి మెయిల్స్ వెతికాడు. "జనవరిలో. ఒకతను వస్తానని ఒప్పుకుని హైదరాబాద్‌లో చేరిపోయాడు. చివరికి మే నెలలో ఒకమ్మాయి దొరికింది." మార్కులు నాలుగు, పట్టింది నాలుగు నెలలు! బెంగళూరులో రెండు వారాల్లో మనిషి దొరికినవాడు కూడా అదే నాలుగు వేయవచ్చు. ఎవరి కొలబద్ద వాళ్లది. అందుకే అభిప్రాయం అడగకండి, ఆఖరిసారి ఏం జరిగిందో అడగండి. దరఖాస్తు పెట్టిన తేదీ, పని అయిన తేదీ, కట్టిన డబ్బు, ఎన్నిసార్లు తిరిగారు. ఇవి ఏ ఊళ్లో అయినా ఒకేలా లెక్కకి వస్తాయి.

ఇక ఎవరిని అడగాలి? కేంద్ర ప్రభుత్వ స్టార్టప్ ఇండియా పోర్టల్‌లో ఊరి పేరుతో వెతికితే కంపెనీల పేర్లు వస్తాయి. కానీ చిరునామా చూసి మోసపోకండి. నాన్నగారి ఇంటి అడ్రసు మీద ఇక్కడి ఎంవీపీ కాలనీలో రిజిస్టర్ చేసి, హైదరాబాద్ మాదాపూర్‌లో కూర్చుని పనిచేసేవాళ్లు చాలామంది. "రోజూ ఎక్కడ కూర్చుంటారు?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఇంక్యుబేటర్లలో (కొత్త కంపెనీలకి చోటిచ్చి సాయం చేసే కేంద్రాల్లో) ఉన్నవాళ్లతోనే సరిపెట్టుకోకండి. చవగ్గా సీటు దొరికినవాళ్లను అడిగితే బయటి అద్దె ఎంతో తెలియదు. గాజువాక ఆటోనగర్‌లో మిషన్లు తయారుచేసేవాళ్లు తమను స్టార్టప్ అనుకోరు, వాళ్లనీ కలపండి.

పోలిక ఒకే రకం వ్యాపారాల మధ్యే ఉండాలి. వైద్య పరికరాలు చేసేవాళ్లకి ఏఎంటీజెడ్‌లో (వైజాగ్‌లోని వైద్య పరికరాల పార్కు) పరీక్షల ల్యాబులు పక్కనే ఉంటాయి. వాళ్ల జవాబులను బెంగళూరు యాప్ కంపెనీల జవాబుల పక్కన పెడితే ఊరి గురించి ఏమీ తెలియదు.

నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి ఉంది. ఊరు వదిలి వెళ్లినవాళ్లనీ, మూసేసినవాళ్లనీ తప్పకుండా వెతకండి. నిలదొక్కుకున్నవాళ్లను మాత్రమే అడిగితే ప్రతి ఊరూ బాగానే కనిపిస్తుంది. వెళ్లిపోయినవాళ్ల, మూసేసినవాళ్ల నంబర్లు పాత పార్ట్‌నర్ల దగ్గరో, మాలాంటి అకౌంటెంట్ల దగ్గరో ఉంటాయి. మేము వాళ్లని అడక్కుండా నంబరు ఇవ్వం, వాళ్లు సరేనంటే కలుపుతాం. "ఏది ఉండుంటే ఇక్కడే ఉండేవారు?" అని అడిగి, మధ్యలో మాట్లాడకుండా వినండి.

ఫోన్ చేసే రోజు కూడా చూసుకోవాలి. నెలలో 7న టీడీఎస్ (ముందే కోసిన పన్ను) కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తారు. 21 తర్వాత చేయండి.

లెక్క కట్టేటప్పుడు సగటు వద్దు. లైసెన్సుకి అయిదుగురికి 10, 12, 15, 18, 90 రోజులు పట్టాయనుకోండి. సగటు 29, కానీ అయిదుగురిలో నలుగురికి అంత పట్టలేదు. వరసగా పేర్చి మధ్యలో ఉన్న 15 తీసుకోండి. 90 పట్టినాయన కథ విడిగా రాయండి, అడ్డంకి ఎక్కడుందో అందులోనే తెలుస్తుంది. జవాబులన్నీ పట్టికగా వేసేటప్పుడు, పదిమంది కన్నా తక్కువ ఉన్న గడిని ఖాళీగా వదిలేయండి. "గాజువాక, వైద్య పరికరాలు, మహిళ" అని రాస్తే పేరు లేకపోయినా మనిషెవరో ఊరందరికీ తెలిసిపోతుంది.

పట్టిక బయటపెట్టేముందు జవాబిచ్చినవాళ్లకి పంపి ఒక వారం ఆగండి. కరెంటు మీటరు తేదీలో ఏడాది తప్పు పడితే వాళ్లే పట్టుకుంటారు.