హార్మోన్ మాత్రలు వాడుతున్నవారికి ఇంగ్లండ్‌లో ప్రిస్క్రిప్షన్ ఛార్జీ మినహాయింపు: దరఖాస్తు ఎలా చేయాలి?

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాక చాలామందికి రోజుకొక చిన్న హార్మోన్ మాత్ర మిగులుతుంది. టామోక్సిఫెన్, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్‌లలో ఏదో ఒకటి సాధారణంగా 5 ఏళ్లు, కొందరైతే 10 ఏళ్లు వాడాలి. క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడేది ఈ మాత్రే కాబట్టి డబ్బు వల్లో, కాగితాల వల్లో మధ్యలో ఆగిపోకూడదు.

ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. 2024 మే నుంచి ఇదే రేటు. నెలకోసారి తీసుకుంటే ఈ ఒక్క మాత్రకే ఏడాదికి 118.80 పౌండ్లు అవుతుంది. క్యాల్షియం, నొప్పుల మందు ఉంటే వాటికి వేరే. క్యాన్సర్ పేషెంట్లకు 2009 ఏప్రిల్ నుంచి ఈ ఛార్జీ లేదు. అయితే ఆ మినహాయింపు దానంతట అదే రాదు, మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవాలి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ప్రిస్క్రిప్షన్ ఛార్జీయే లేదు కాబట్టి అక్కడివారికి ఈ పని అక్కర్లేదు. 60 ఏళ్లు నిండినవారికి ఇంగ్లండ్‌లోనూ మందులు ఉచితమే.

"నాకిప్పుడు క్యాన్సర్ లేదు కదా, నాకెందుకిస్తారు?" అని చాలామంది అడగడానికే మొహమాటపడతారు. ఆ మొహమాటం వద్దు. నిబంధనలో మూడు విషయాలున్నాయి: క్యాన్సర్‌కి చికిత్స, క్యాన్సర్ వల్ల వచ్చిన ఇబ్బందులు, ఇప్పటి లేదా గతంలో జరిగిన చికిత్స వల్ల వచ్చిన ఇబ్బందులు. హార్మోన్ మాత్ర చికిత్స కిందికే వస్తుంది. కోర్సు పూర్తయ్యాక కూడా చికిత్స తాలూకు ఇబ్బందులకు మందులు వాడుతుంటే మీరు అర్హులే.

ఫారం పేరు ఎఫ్‌పీ92ఏ. ఇది మీ జీపీ సర్జరీలో (అంటే మీ ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌లో) గానీ, ఆసుపత్రి ఆంకాలజీ (క్యాన్సర్) క్లినిక్‌లో గానీ అడిగితే ఇస్తారు. రిసెప్షన్‌లో "మెడికల్ ఎగ్జెంప్షన్ ఫారం కావాలి, క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌కి" అంటే సరిపోతుంది, దానికోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. మీ పేరు, పుట్టిన తేదీ, చిరునామా వంటి వివరాలు మీరు నింపాలి. డాక్టరు గానీ, మీ రికార్డులు చూసే అధికారం ఉన్న సిబ్బంది గానీ నిర్ధారించి సంతకం చేస్తారు. సర్జరీవాళ్లే దాన్ని ఎన్‌హెచ్‌ఎస్ బిజినెస్ సర్వీసెస్ అథారిటీకి పంపుతారు.

పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. మన ఇంటిపేరు కొన్ని కాగితాల్లో ముందు, కొన్నింటిలో వెనక ఉంటుంది, కొన్నింటిలో ఒక్క అక్షరమే ఉంటుంది. జీపీ దగ్గర ఎలా నమోదైందో ఫారంలోనూ అచ్చం అలాగే రాయండి. ఫార్మసీవాళ్లు మీ మినహాయింపును కంప్యూటర్లో వెతికేటప్పుడు పేరు, పుట్టిన తేదీ కలవకపోతే కనిపించదు, అనవసరమైన టెన్షన్.

అథారిటీకి దరఖాస్తు చేరిన తేదీకి ఒక నెల ముందు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది. అంటే ఎదురుచూసే రోజుల్లో కట్టిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. దానికి షరతు ఒకటుంది: మందులకు డబ్బు కట్టేటప్పుడే ఫార్మసీలో ఎఫ్‌పీ57 అనే రసీదు అడిగి తీసుకోవాలి. తర్వాత వెళ్లి అడిగితే ఇవ్వరు. డబ్బు కట్టిన 3 నెలల్లోపు క్లెయిమ్ చేయాలి, ఎలాగో ఆ రసీదు మీదే రాసి ఉంటుంది. సర్టిఫికెట్ రాకముందే "మినహాయింపు ఉంది" అని టిక్ పెట్టకండి. తనిఖీలో తేలితే మందు ఛార్జీతో పాటు దానికి 5 రెట్ల వరకు, గరిష్ఠంగా 100 పౌండ్ల పెనాల్టీ పడుతుంది.

సర్టిఫికెట్ వచ్చాక హార్మోన్ మాత్రకే కాదు, ఎన్‌హెచ్‌ఎస్ ప్రిస్క్రిప్షన్ మీద ఇచ్చే మందులన్నింటికీ అది వర్తిస్తుంది. నిజానికి మాత్ర మానేసేవారిలో చాలామంది మానేది ఒళ్లంతా వేడి ఆవిర్లు, పొద్దున లేవగానే బిగుసుకుపోయే కీళ్లు, నిద్రలేమి, యోని పొడిబారడం భరించలేకనే. వీటన్నింటికీ ఉపశమనం ఉంది, ఆ మందులకూ డబ్బు కట్టక్కర్లేదు. కాబట్టి ఓర్చుకుని కూర్చోకుండా బ్రెస్ట్ కేర్ నర్సుకి ఫోన్ చేయండి. ఒక మందు పడకపోతే మరోదానికి మార్చే వీలుంటుంది. ఒక కంపెనీ మాత్ర పడనివారికి వేరే కంపెనీది సరిపడటమూ ఉంది, ఫార్మసిస్టుని అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

రెండు విషయాలు జీపీకి తప్పక చెప్పాలి. టామోక్సిఫెన్ వాడుతూ డిప్రెషన్‌కి మందు మొదలుపెడుతుంటే ముందే చెప్పండి, ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ వంటివి దాని పనిని తగ్గించవచ్చు. అలాగే మామూలుగా కాని రక్తస్రావం కనిపించినా, ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా వెంటనే చెప్పండి. హఠాత్తుగా ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేయాలి.

సర్టిఫికెట్ 5 ఏళ్లు చెల్లుతుంది, ఆలోపు 60 ఏళ్లు నిండితే అప్పటివరకే. మాత్ర 10 ఏళ్లు వాడేవారికి మధ్యలో ఒకసారి మళ్లీ దరఖాస్తు తప్పదు. గడువు దగ్గరపడితే అథారిటీ గుర్తుచేస్తుంది కానీ, ఇల్లు మారితే ఆ సమాచారం పాత చిరునామాకే పోతుంది. అందుకే మీ కొత్త చిరునామా జీపీకే కాక అథారిటీకి కూడా తెలియజేయండి. గడువు తేదీకి నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఆ రోజే సర్జరీలో కొత్త ఎఫ్‌పీ92ఏ అడగండి.